సాంప్రదాయిక వింటి సవరణ

సాంప్రదాయిక వింటి సవరణ అనగా కప్పీలు లేని విల్లు నుండి వెలువడిన బాణము తిన్నగా పోవునట్లు విల్లును, నారిని, బాణమును ఒకదానితో ఒకటి పొందించుట. సంగీతకారుడు వాద్యమును శ్రుతి చేసుకొన్నట్లే విలుకాడు తన పరికరాలను సరిచూసుకొంటాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాలలో వింటితో వేటాడేవారు శరదృతువులో మొదలయ్యే వేటకాలానికి ముందు, సాధారణంగా వేసవిలోనే, ఈ పని పూర్తిచేస్తారు.

ఈ వ్యాసములో ఎడమ, కుడి అను మాటలు ఎడమచేత విల్లు పట్టి కుడిచేత నారిని లాగే విలుకానికి వర్తిస్తాయి. ఎడమచేతి వాటము గలవారికి ఇవి తారుమారవుతాయి.

నేపథ్యము

ఒకే కర్రతో చేసిన విల్లు, పొడవాటి లాంగ్‌బో, కొనలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లు సాంప్రదాయిక విండ్లలో ముఖ్యమైనవి. అమెరికాలో ఆధునిక విల్లు వేటకు మూలపురుషులలో శాక్స్టన్ పోప్, ఆర్థర్ యంగ్ ప్రముఖులు. వైద్యుడైన పోప్, 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ వద్ద బయటి ప్రపంచములోకి వచ్చిన యాహీ తెగవాడు ఇషీ నుండి విల్లు తయారీని, వేట పద్ధతులను నేర్చుకొన్నాడు. ఇషీ 1916లో మరణించాడు. వేటపై పోప్ వ్రాసిన పుస్తకము 1923లో వెలువడింది. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రము విల్లుతో జింకల వేటకు ప్రత్యేక కాలమును కేటాయించింది.

హోలిస్ విల్బర్ అలెన్ కప్పీలు గల కాంపౌండ్ విల్లుకు 1966లో పేటెంటు కోరాడు. అది 1969లో మంజూరయింది. ఆ విల్లు వ్యాపించిన తరువాతనే పాత విండ్లకు "సాంప్రదాయిక" అను విశేషణము స్థిరపడింది. కాంపౌండ్ వింట నారిని పూర్తిగా లాగిన తరువాత చేతిపై భారము తగ్గుతుంది. సాంప్రదాయిక వింట అట్టి వెసులుబాటు లేదు. లాగినకొద్దీ బరువు పెరుగుతుంది, నారిని వ్రేళ్ళతోనే వదలాలి. అందువలన చిన్న తేడా కూడా బాణపు గమనములో కనిపిస్తుంది.

వేటలో ప్రాధాన్యత

తుపాకి గుండు వలె బాణము తాకిడి వేగముతో జంతువును చంపదు. ములికి అంచులు ఊపిరితిత్తులను, రక్తనాళాలను కోయుట వలన కలిగే రక్తస్రావముతో జంతువు మరణిస్తుంది. కనుక బాణము లోతుగా దిగుట అత్యవసరము. తోక ఒక ప్రక్కకు తిరిగి ఉండగా తాకిన బాణము తన బలములో కొంత భాగమును కోలను వంచుటకే వృథా చేసి, లోతుకు పోలేదు. అట్లు గాయపడిన జంతువు పారిపోయి, వేటగానికి దొరకకుండా అడవిలో బాధపడి చనిపోవచ్చును.

సాంప్రదాయిక విలుకాండ్రు ఎక్కువగా 20 గజాల (సుమారు 18 మీటర్లు) లోపు నుండే బాణము వేస్తారు. దగ్గర నుండి వేసినపుడు సవరణ అంతగా అవసరము లేదని కొందరు భావిస్తారు. నిజానికి పరిస్థితి ఇందుకు విరుద్ధము. వంకరగా బయలుదేరిన బాణమును తోక ఈకలు సరిదిద్దుటకు కొంత దూరము కావాలి. దగ్గరి లక్ష్యము విషయములో ఆ వ్యవధి దొరకదు.

బాణపు గమన సూత్రము

నారిని లాగి గురి చూచినపుడు బాణము లక్ష్యము వైపే ఉంటుంది. అయితే బాణము వింటి ఎడమ ప్రక్కన ఆని ఉంటుంది కనుక, నారి ముందుకు వచ్చేకొద్దీ బాణపు మొన ఎడమకు తిరగవలసి ఉన్నది. అయినను బాణము గురి చూచిన చోటికే పోతుంది. దీనిని "విలుకాని విరోధాభాసము" అంటారు. 1930వ దశకములో క్లారెన్స్ హిక్‌మన్ తీసిన అతివేగపు చలనచిత్రాలు దీని రహస్యమును కంటికి కనిపించేలా చేశాయి.

నారి వ్రేళ్ళ నుండి జారేటపుడు కొద్దిగా ఎడమకు తొలగుతుంది. వెనుక నుండి పడిన త్రోపుడుకు కోల నడుమ భాగము మొదట విల్లు వైపు వంగి, తరువాత విల్లుకు దూరముగా వంగుతుంది. ఈ ఊగిసలాటలో తోక భాగము విల్లును తాకకుండా దాటిపోతుంది. విల్లు బలానికి తగినట్లు కోల వంగినపుడే ఇది సక్రమముగా జరుగుతుంది. బిరుసైన కోల తగినంత వంగక ఎడమకు పోతుంది. మెత్తని కోల అతిగా వంగి కుడికి పోతుంది.

బిరుసు కొలత

కోల బిరుసును విలుకాండ్రు "స్పైన్" అని పిలుస్తారు. కొయ్య కోలను 26 అంగుళాల ఎడముగల రెండు ఆధారాలపై ఉంచి, నడుమ 2 పౌండ్ల (907 గ్రాములు) బరువును వ్రేలాడదీసి, ఎంత వంగినదో కొలుస్తారు. 26ను ఆ వంపుతో భాగించగా వచ్చినదే పౌండ్లలో స్పైన్. ఉదాహరణకు 0.52 అంగుళాలు వంగిన కోల స్పైన్ 50 పౌండ్లు. కార్బన్ కోలలకు ఆధారాల ఎడము 28 అంగుళాలు, బరువు 880 గ్రాములు. అర అంగుళము (0.500) వంగిన కోలను "500" అంటారు. కొయ్య కోలలలో అంకె పెరిగిన కొద్దీ బిరుసు పెరుగుతుంది, కార్బన్ కోలలలో అంకె పెరిగిన కొద్దీ బిరుసు తగ్గుతుంది. క్రొత్తవారు ఇక్కడ తరచుగా పొరపడతారు.

కోల పొడవు, ములికి బరువు, విల్లు బలము కూడా వంపును మారుస్తాయి. విల్లు బలమును సాధారణంగా 28 అంగుళాల లాగుడు వద్ద కొలిచి దానిపై వ్రాస్తారు. ఒక అంగుళము తక్కువ లాగేవానికి అదే విల్లు సుమారు 2 నుండి 3 పౌండ్లు తక్కువ బలము ఇస్తుంది. కనుక బాణాలను విల్లుపై వ్రాసిన అంకెను బట్టి కాక, విలుకాడు నిజముగా లాగే బరువును బట్టి ఎంచుకోవాలి.

ముందుగా చేయవలసిన తనిఖీ

* విల్లు బద్దలలో పగుళ్ళు, పొరలు విడిపోవుట, మెలి ఉన్నవేమో చూడాలి. ఎండలో నిలిపిన కారులో ఉంచిన విల్లులో జిగురు వదలవచ్చును.
* నారి పోగులు తెగినచో నారిని మార్చాలి. పొడిబారినచో మైనము పూయాలి.
* కొయ్య బాణాలను దొర్లించి వంకరను పరిశీలించాలి. కార్బన్ కోలలను రెండు చేతులతో కొద్దిగా వంచి పగులు శబ్దము వినాలి. పగిలిన కోల వదిలేటపుడు విరిగి చేతిలోకి దిగే ప్రమాదమున్నది.
* బాణము వెనుక గాడి నారిపై తనంత తాను నిలవాలి, నారిని వ్రేలితో తేలికగా తట్టగానే ఊడాలి. బిగుతు గాడి బాణపు గమనమును పాడుచేస్తుంది.
* కొయ్య కోలలో వలయాల అంచు గీతలు కనిపించే బిరుసు ప్రక్క విల్లుకు ఆనునట్లు గాడిని అమర్చాలి.

బాణము లేకుండా నారిని లాగి వదలరాదు. బాణమునకు చేరవలసిన శక్తి బద్దలలోనే మిగిలి విల్లు విరగవచ్చును.

సవరణ క్రమము

ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయుట ఈ పనిలో ప్రధాన నియమము. రెండు మార్పులు కలిపి చేసినచో ఫలితము దేని వలన కలిగినదో తెలియదు.

నారి ఎత్తు: పిడిలోని లోతైన చోటు నుండి నారి వరకు గల దూరము. పూర్వము పిడికిలి బిగించి, బొటనవ్రేలిని నిటారుగా నిలిపి దీనిని కొలిచేవారు. లాంగ్‌బోలకు సుమారు 6 నుండి 7.5 అంగుళాలు, రికర్వ్ విండ్లకు 7 నుండి 9 అంగుళాలు వాడుకలో ఉన్నవి. తయారీదారు సూచించిన హద్దులు దాటరాదు. నారికి పురి ఎక్కించినచో పొట్టిదై ఎత్తు పెరుగుతుంది; పురి విప్పినచో తగ్గుతుంది. కొద్దికొద్దిగా మార్చుతూ, విల్లు తక్కువ శబ్దముతో, తక్కువ అదురుతో పలికే చోటును ఎంచుకోవాలి. క్రొత్త నారి సాగుతుంది గనుక కొన్ని డజన్ల బాణాలు వేసిన తరువాతనే కొలత స్థిరపరచాలి.

సంధాన బిందువు: నారిపై బాణమును తొడిగే చోటు. బాణము ఆనే అర నుండి నారికి లంబముగా మూలమట్టము పట్టి, దానికి సుమారు అర అంగుళము పైన మొదట గుర్తు పెడతారు. ఆ చోట దారము చుట్టి గాని, చిన్న ఇత్తడి కడియము బిగించి గాని ఆపు చేస్తారు.

ఈకలు లేని బాణముతో పరీక్ష: ఈకలు గల 3 బాణాలను, అట్టివే ఈకలు లేని 2 బాణాలను ఒకే గురితో వేస్తారు. మొదట 10 గజాల నుండి, క్రమముగా 20 గజాల నుండి వేయాలి. ఈకలు లేని బాణము వంకరగా తాకి విరగవచ్చును గనుక మెత్తని లక్ష్యమును వాడాలి. ఈకల బాణాలు తాకిన చోటుతో పోల్చి ఫలితమును ఇట్లు చదువుతారు:

* పైన తాకినచో సంధాన బిందువు క్రిందికి ఉన్నది, పైకి జరపాలి.
* క్రింద తాకినచో బిందువు పైకి ఉన్నది, క్రిందికి జరపాలి.
* ఎడమ తాకినచో కోల బిరుసుగా ఉన్నది. బరువైన ములికి వాడాలి, లేదా పొడవైన కోల తీసుకోవాలి, లేదా విల్లు ప్రక్కన బాణము ఆనే తోలు మందమును తగ్గించాలి.
* కుడి తాకినచో కోల మెత్తగా ఉన్నది. ములికి బరువు తగ్గించాలి, లేదా కోలను పావు అంగుళము చొప్పున కత్తిరించాలి, లేదా ఆ తోలు మందమును పెంచాలి.

ఎత్తు తేడాను సరిచేసిన తరువాతనే ప్రక్క తేడా వైపు పోవాలి. సంధాన బిందువు మరీ క్రిందికి ఉన్నచో తోక అరకు తగిలి పైకి ఎగిరి, బిందువు పైకి ఉన్నట్లు తప్పుడు సూచన ఇస్తుంది. కోలను ఒకసారి కత్తిరించిన తరువాత పొడవు తిరిగి రాదు గనుక ముందుగా ములికి బరువును మార్చి చూచుట మేలు.

గమన దోషాలు, కారణాలు

* తోక పైకీ క్రిందికీ ఊగుట: సంధాన బిందువు తప్పుగా ఉండుట, నారి ఎత్తు చాలకపోవుట, వ్రేళ్ళతో బాణమును నొక్కుట.
* తోక ప్రక్కలకు ఊగుట: కోల బిరుసు పొందకపోవుట, నారిని వదలుటలో లోపము.
* తోక త్వరత్వరగా స్వల్పముగా అదురుట: ఈకలు గాని గాడి గాని విల్లుకు తగులుట. అరపై రాపిడి గుర్తులు, అరిగిన ఈకలు దీనికి సాక్ష్యము.
* ఒకే బాణము మాత్రము గురి తప్పుట: ఆ బాణములోనే వంకర, పగులు లేదా బరువు తేడా ఉండుట. దానిని వేరు చేయాలి.

ఒక బాణపు ఈకలన్నీ పక్షి కుడి రెక్కవి గాని, ఎడమ రెక్కవి గాని కావాలి, రెండూ కలుపరాదు. అర మీదుగా పోయేటపుడు సహజమైన ఈక అణగి దారి ఇస్తుంది. ప్లాస్టిక్ రెక్కలు అట్లు అణగవు గనుక అర మీద నుండి వేసేవారు ఈకలనే వాడతారు. తడిసిన ఈక చదునుపడి గమనమును నిలపలేదు.

విలుకాని లోపాలు

ఈకలు లేని బాణాలు ప్రతిసారి వేరు వేరు చోట్ల తాకినచో లోపము పరికరములో కాక చేతిలో ఉన్నదని గ్రహించాలి. నారిని వదలేటపుడు చేతిని ప్రక్కకు లాగుట, పిడిని మెలితిప్పుట, ఒక్కోసారి ఒక్కో పొడవు లాగుట సామాన్య దోషాలు. తక్కువ లాగినచో విల్లు బలము తగ్గి, సరియైన కోల కూడా బిరుసుగా ప్రవర్తిస్తుంది. ఇట్టి స్థితిలో విల్లును సవరించినచో తప్పునకు తప్పు జోడించినట్లే. గురి లేకుండా, దగ్గరి లక్ష్యముపై వదలుటను మాత్రమే అభ్యసించి, చేయి కుదిరిన తరువాత తిరిగి పరీక్షించాలి. అలసిన చేతితో వచ్చిన ఫలితాలు నమ్మదగినవి కావు.

వేట ములుకులు

వెడల్పాటి వేట ములికి బాణము ముందు భాగమున రెక్కలా పనిచేసి గాలిని పట్టుకొంటుంది. అభ్యాసపు ములికితో కనపడని చిన్న దోషము దీనితో పెద్దదిగా బయటపడుతుంది. అందువలన రెండు ములుకుల బరువు సమానముగా ఉండాలి. బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. 125 గ్రెయిన్లు సుమారు 8.1 గ్రాములు. బాణమును ములికి మొనపై నిలిపి త్రిప్పినపుడు అదురు కనిపించినచో ములికిని తిరిగి బిగించాలి. రెండు రకాల బాణాలు ఒకే చోట తాకినపుడు సవరణ పూర్తయినట్లు భావిస్తారు. లక్ష్యముపై వేసిన అంచులు మొద్దుబారుతాయి గనుక వాటిని తిరిగి పదును పెట్టనిదే వేటకు తీసుకుపోరాదు.

చివరగా, వేటలో ధరించే దుస్తులతోనే, కూర్చుని, ఎత్తైన మంచె నుండి కూడా బాణాలు వేసి చూడాలి. దళసరి చొక్కాయి చేయి నారికి తగిలినచో శ్రమ అంతా వృథా. నారి ఎత్తు, సంధాన బిందువు, కోల పొడవు, ములికి బరువు వ్రాసి ఉంచుకొన్నచో నారి మార్చవలసి వచ్చినపుడు తిరిగి అమర్చుట సులభము.

చట్టాలు

అమెరికాలో వేట నియమాలు రాష్ట్రమును బట్టి మారుతాయి. పలు రాష్ట్రాలు విల్లు కనీస బలమును, ములికి వెడల్పును నిర్దేశిస్తాయి. బ్రిటనులో విల్లుతో వన్యప్రాణులను చంపుట నిషిద్ధము. భారతదేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించింది. నల్లమల అడవులలోని చెంచుల సంప్రదాయములో విల్లంబులకు విశేష స్థానమున్నది. నేడు తెలుగు రాష్ట్రాలలో విలువిద్య ప్రధానముగా క్రీడ. ఈకలు లేని బాణముతో చేసే పరీక్ష ఆ క్రీడలోని రికర్వ్ విలుకాండ్రకు కూడా ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

* విలువిద్య
* విల్లు
* చెంచులు
* వన్యప్రాణి సంరక్షణ చట్టము