కొలువు నుంచి ప్రొఫెసర్ దాకా: దళిత అధ్యాపకులకు శిక్షణ ఎక్కడ ఆగుతోంది?

నూజివీడు అంటే చిన్న రసాలు, ఆ తర్వాత ట్రిపుల్ ఐటీ. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి పాసైన పల్లె పిల్లల్ని చేర్చుకుని ఆరేళ్లు చదివిస్తుంది. మామిడి తోటల్లో కాయ కోసే కుటుంబాల పిల్లలు లెక్చరర్లు కావాలంటే దారి ఇలాంటి చోటే మొదలవుతుంది. లెక్చరర్ అయ్యాక ఆ దారి ఎక్కడ ఆగుతుందో చూద్దాం.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పదో లెవెల్ నుంచి పదకొండుకు వెళ్లడానికి పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్లు, ఎంఫిల్‌కు 5, ఒట్టి పీజీకి 6 ఏళ్ల సర్వీసు కావాలి. దాంతోపాటు 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు కూడా. ఆపై మెట్లకు రిఫ్రెషర్ కోర్సులు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి. ఇది ఖాళీలను బట్టి ఇచ్చే ప్రమోషన్ కాదు, కాబట్టి రోస్టర్ ఇక్కడ అక్కరకు రాదు. ఎవరి కాగితాలు వాళ్లే పోగేసుకోవాలి. అందుకే ఏ కోర్సుకు ఎవరిని పంపారన్నది చిన్న విషయం కాదంటాం.

ఈ శిక్షణ కేంద్రాలు 1987లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలుగా మొదలయ్యాయి. 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ కిందికి వచ్చాయి. (పేర్లు మార్చడంలో మనవాళ్లకు సాటి లేదు.) ఆంధ్రా యూనివర్సిటీ కేంద్రం నూజివీడుకు 300 కిలోమీటర్లకు పైగా దూరం. తిరుపతి అంతకంటే దూరం. ఇప్పుడు చాలా కోర్సులు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. దూరం సమస్య కొంత తీరింది గానీ, పంపే అనుమతి ఇంకా ప్రిన్సిపాల్ చేతిలోనే ఉంది.

సర్వీసు మొదట్లో ఉన్నవాళ్లకు అసలు అవసరం పీహెచ్‌డీకి సమయం. మూడేళ్ల సర్వీసు తర్వాత స్టడీ లీవ్ అడగొచ్చు. కానీ అది రెగ్యులర్ ఉద్యోగికి. మన కాలేజీల్లో, ట్రిపుల్ ఐటీల్లో పాఠాలు చెబుతున్నవారిలో ఒప్పంద, గెస్ట్ అధ్యాపకుల సంఖ్య పెద్దది. వాళ్లకు సెలవు అంటే జీతం పోవడమే. ఇంట్లో మొదటి తరం ఉద్యోగికి అది తట్టుకోలేని భారం.

రెగ్యులర్ పోస్టుల దగ్గరే గండి పడితే శిక్షణ గురించి మాట్లాడి లాభం లేదు. 2018 మార్చిలో యూజీసీ విశ్వవిద్యాలయాన్ని కాకుండా విభాగాన్ని యూనిట్‌గా తీసుకోమంది. రెండు మూడు పోస్టులున్న విభాగంలో ఎస్సీ పాయింట్ ఎప్పుడు వస్తుంది? దేశమంతా ఆందోళనలు జరిగాక 2019లో కేంద్రం చట్టం చేసి విశ్వవిద్యాలయాన్నే యూనిట్‌గా నిలబెట్టింది. అయితే ఆ చట్టం కేంద్ర సంస్థలకే. రాష్ట్ర విశ్వవిద్యాలయమైన ట్రిపుల్ ఐటీ దాని కిందికి రాదు.

సమాచార హక్కు చట్టం కింద మూడు కాగితాలు అడగమని విద్యార్థి సంఘాలకు మా సూచన. ఒకటి, రోస్టర్ రిజిస్టర్. రెండు, గత ఐదేళ్లలో కోర్సులకు పంపినవారి కేటగిరీల లెక్క. మూడు, స్టడీ లీవ్ దరఖాస్తుల్లో ఎన్ని మంజూరయ్యాయో, ఎన్ని తిరస్కరించారో ఆ వివరాలు. మూడోది ఇవ్వడానికే ఎక్కువ నసుగుతారు, కాబట్టి దాన్నే ముందు అడగండి.