పాడు, జీర్ణము, శిథిలము

కొన్నాళ్ళ క్రిందట ఇంగ్లీషు చదువుకొనుచున్న మా మనుమఁడు నన్నొక ప్రశ్న యడిగెను. “తాతయ్యా! చీకటికిని, చివికిపోవుటకును, కూలిపోవుటకును ఇంగ్లీషులో నెన్నో మాటలున్నవి. మనకు ‘పాడు’ అను నొక్క మాటయేనా?” ఉప్పుగూడలోని మా యింటి యరుగుమీఁద నేను వానికి చెప్పినదే నేఁడు మీకును విన్నవించుచున్నాను.

ఆంగ్లేయుల పదసంపద గొప్పదే. వారి ‘రూయిన్’, ‘డికే’ అను రెండు మాటలకును లాటిను భాషలో ‘పడుట’ యే మూలార్థము. ‘డిలాపిడేషన్’ అను మాటలో ‘రాయి’ యను నర్థముగల లాటిను పదము దాఁగియున్నది. కూలిన గోడయు, చెదరిన రాళ్ళును ఆ మాటలకు పుట్టినిండ్లు. రోమక సామ్రాజ్యచరిత్రమును 1776 మొదలు 1788 వఱకు ఆఱు సంపుటములుగా ప్రకటించిన గిబ్బను పండితుఁడు గ్రంథనామములోనే క్షీణతను, పతనమును చేర్చెను.

మన మాటల తీరు వేఱు. అమరసింహుఁడు చీకటినే మూఁడు విధములుగా విభజించెను. గాఢమైనది అంధతమసము, పలుచనైనది అవతమసము, నలుదెసల వ్యాపించినది సంతమసము. చీకటి యెంతటిదో తెలిసినఁగదా, దీపము వలయునో, కన్ను అలవాటుపడువఱకు నిలిచిన చాలునో తెలియును!

వస్తువుల చేటునకును ఇట్టి తారతమ్యమే కలదు. శిథిలమనఁగా పట్టు సడలినది. జీర్ణమనఁగా కాలముచే నరిగినది. తిన్న యన్నము జీర్ణమైనదనుటయు నా ధాతువునుండియే. ఇఁక ‘పాడుపడిన యిల్లు’ అన్నప్పుడు మనుష్యులు విడిచిన యిల్లని మన భావము.

1591లో కట్టిన చార్మినారు మా పేటకు చేరువనే యున్నది. 2019 మే నెలలో దాని మీనారునుండి గచ్చుపెళ్ళ యొకటి యూడిపడెను. అది శైథిల్యము. సడలినదానికి మరల పట్టు కలిగింపవచ్చును. 1687లో ఔరంగజేబు సేనలకు వశమైన గోలకొండ కోటలో రాజభవనములు కప్పులు లేక నిలిచియున్నవి. వానిని విడిచిపోయిన రాజు లిఁక రారు. అది పాడు.

ఈ భేదమును చక్కగా గుర్తించినవాఁడు సి. పి. బ్రౌను దొర. చెదలు తినుచున్న తాళపత్రములను ఆయన సేకరించి, పండితులచే శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. 1852లో తెలుఁగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. పలువురు పాడని విడిచినదానిని ఆయన జీర్ణమని చేరఁదీసెను.

పిల్లలకు నిఘంటువులు వల్లెవేయించిన నేను మాత్రము ఆ భేదమును మఱచితిని. ముప్పదియేండ్ల క్రిందట ఇల్లు బాగుచేయించునప్పుడు అటుకమీఁద మా తండ్రిగారి తాటాకుల కట్ట యొకటి దొరికెను. అంచులు చెదలు తినియుండెను. “పాడైపోయినది” అని, విప్పియైనఁ జూడక, మూసీనదిలో విడిచితిని. నిమ్మగడ్డి నూనె పూసి, మసి రుద్దినచో అట్టి యాకులమీఁద నక్షరములు మరల కనఁబడునని తరువాత తెలిసినది. అందేమి యుండెనో యీ జన్మమున నెఱుఁగను. నా మాట తప్పగుటచే నా చేఁతయు తప్పెను.

మన పూర్వులు గుడి విషయమున ‘జీర్ణోద్ధారణ’ మనిరి. జీర్ణమన్న మాట ప్రక్కనే ఉద్ధరణమును నిలిపిరి. కావున, పెద్దలారా! మీ యూరి చెఱువుకట్టనుగాని, గుడిగోపురమునుగాని, అటుకమీఁది తాటాకుల కట్టనుగాని చూచి పాడని పలుకుటకు ముందు ఒక్కమాఱు దగ్గఱకుఁ బోయి, చేతితో తాఁకి చూడుఁడు. సడలినదా, అరిగినదా, విడిచినదా యని విచారింపుఁడు. మీరు పాడన్నచో పిల్లలు పాఱవేయుదురు; జీర్ణమన్నచో బాగుచేయుదురు.