చెరువు నుండి నల్లా వరకు

నీరు దొరకుట వేరు. త్రాగదగిన నీరు దొరకుట వేరు. ఈ రెంటికీ గల భేదాన్ని మానవుడు అనేక ప్రాణాలు పోయిన మీదటగాని గ్రహించలేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల నీటి చరిత్రలో ఈ సంగతి స్పష్టంగా కానవస్తుంది.

చెరువులు, బావులు

13వ శతాబ్దిలో కాకతీయులు ఈ సీమను చెరువులతో నింపారు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు కట్టించి శాసనం వేయించింది. ఘనపురంలోని గణపసముద్రం కూడ ఆ కాలపు నిర్మాణమే. నేడు మొదటిది మహబూబాబాదు జిల్లాలోను, రెండవది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను ఉన్నవి. అయితే ఇవి ముఖ్యంగా పైరులకు ఉద్దేశించినవి. త్రాగుటకు ప్రజలు బావులను, వాగులలోని చెలమలను ఆశ్రయించేవారు. చెలమ నీరు ఇసుకలో వడగట్టబడి వచ్చును గనుక కొంత మేలు.

దిగుడు బావిలో అట్టి రక్షణ లేదు. నారికురుపు ఉన్న మనిషి మెట్లు దిగి నీటిలో కాలు పెట్టగానే పుండు నుండి పురుగు వేలకొలది పిల్లలను విడిచేది. వాటిని సైక్లాప్స్ అనే సూక్ష్మజీవులు మ్రింగేవి. ఆ నీటిని త్రాగినవారికి సుమారు సంవత్సరం గడచిన పిమ్మట నారికురుపు లేచేది. నీటిని గుడ్డతో వడకట్టి త్రాగుట, మెట్ల బావులకు మారుగా చేతిపంపులను వాడుట మొదలైన పద్ధతులవల్ల ఈ వ్యాధి అంతరించింది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశం దీనినుండి విముక్తి పొందినట్లు ధ్రువపరచింది.

చేతిపంపు ఒక బాధను తీర్చింది గాని మరొక బాధను బయటపెట్టింది. గ్రానైటు శిలల లోతుల్లోని నీటిలో ఫ్లోరైడు కరిగి ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు; కాచినను పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించితే పిల్లల పండ్లపై మచ్చలు పడును. మరీ ఎక్కువైతే ఎముకలు వంగిపోవును. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. పొరుగున ఉన్న నల్గొండవలెనే జనగామ ప్రాంతపు బోర్లలో కొన్నింటికి ఈ దోషం ఉన్నది. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరులతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని పరిశోధన సంస్థ 1970 దశకంలో రూపొందించింది. అది నల్గొండ పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. ఇక దూరపు నదీజలాన్ని శుద్ధిచేసి గొట్టాల ద్వారా ఇంటింటికి పంపే మిషన్ భగీరథ పథకం 2016 ఆగస్టు 7న గజ్వేలు సమీపంలోని కోమటిబండలో ప్రారంభమైంది.

గొట్టంలోని రహస్యం

నీరు ఇప్పుడు శుద్ధి కేంద్రం నుండి నిర్మలంగానే బయలుదేరుచున్నది. కాని అది నల్లాకు చేరులోపల గొట్టంలో ఏమి జరుగుచున్నదో గమనించవలె.

గొట్టం నిండుగా, ఒత్తిడితో ప్రవహించునప్పుడు చిల్లు పడితే నీరు వెలుపలికి చిమ్మును. మురుగు లోనికి రాదు. సరఫరా ఆగినచో పరిస్థితి తారుమారగును. మెరక నున్న గొట్టంలోని నీరు పల్లానికి జారిపోగా పైభాగంలో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటె తగ్గును. అప్పుడు అదే చిల్లు చుట్టుప్రక్కల తడిమట్టిని, మురుగును లోనికి పీల్చుకొనును. దీనిని తరగతిలో చూపవచ్చును. నీళ్ళ బకెట్టులో రబ్బరు గొట్టపు ఒక కొనను ముంచి, రెండవ కొన క్రిందకు వ్రేలాడునట్లు సైఫను అమర్చి, వంపు పైభాగాన గుండుసూదితో గ్రుచ్చండి. నీరు బయటకు రాదు. గాలియే బుడగలుగా లోనికి పోవును. ఆ చిల్లు చుట్టూ మురుగే ఉంటే ఏమగునో విద్యార్థులే చెప్పగలరు.

ఈ సంగతి 1873లోనే బయటపడింది. కేంబ్రిడ్జిలోని కీస్ కళాశాలలో టైఫాయిడు వ్యాపించింది. రోగులలో అధికభాగం ఒకే భవనంలో నివసించేవారు. డాక్టరు జార్జి బుకానన్ విచారించి, సరఫరా ఆగినప్పుడల్లా ఆ భవనపు గొట్టం మరుగుదొడ్లనుండి మాలిన్యాన్ని పీల్చుకొన్నదని నిర్ణయించాడు. నిరంతరం నీరివ్వవలెనని లండను కంపెనీలను నిర్బంధించుటకు 1871లోనే శాసనం వచ్చి ఉన్నది. మన హైదరాబాదులో 2009 మే నెలలో భోలక్‌పూరులో త్రాగునీటిలో మురుగు కలిసి పలువురు మరణించారు. ఊరు మారవచ్చును, శతాబ్దం మారవచ్చును. పీడన సూత్రం మారదు.

పల్లెల్లో మరొక ముప్పు నల్లా గుంత. ఒత్తిడి చాలక కొందరు గుంత త్రవ్వి నల్లాను దానిలోనికి దింపుకొందురు. ఆ గుంతలో నిలిచిన మురికినీటిలో నల్లా మునిగియున్నప్పుడు సరఫరా ఆగితే అది వెనుకకు పోవును. గొట్టానికి మోటారు బిగించుటవల్ల ఒత్తిడి మరింత పడిపోయి, తమకే గాక పొరుగువారికి గూడ హాని కలుగును.

కావలికాచే క్లోరిను

గొట్టంలో చేరే క్రిములను చంపుటకు నీటిలో కొంత క్లోరిను మిగిలి ఉండవలె. 1905లో ఇంగ్లండులోని లింకను పట్టణంలో టైఫాయిడు చెలరేగినప్పుడు ఊరి నీటికి క్లోరిను కలిపారు. 1908లో అమెరికాలోని జెర్సీ నగరం ఆ మార్గాన్ని అనుసరించింది. నల్లా వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగలవలెనని మన జాతీయ ప్రమాణం. మురుగు ఎక్కువగా చేరితే క్లోరిను దానిలోని పదార్థాలతోనే ఖర్చైపోవును. కావున క్లోరిను మిగలకపోవుట గొట్టం ఎక్కడో చెడినదని తెలిపే హెచ్చరిక కూడ. క్లోరోస్కోపుతో రంగు చూచి ఈ పరీక్షను పాఠశాలలోనే చేయవచ్చును.

సరఫరా తిరిగి మొదలైనప్పుడు వచ్చే మొదటి నీటిని త్రాగుటకు పట్టరాదు. నీరు తేటపడిన పిదప పట్టి, సందేహమున్నచో మరిగించి, మూతగల పాత్రలో ఉంచి, పిడిగల గరిటెతో తీసుకొనవలె. నల్లా గుంతను పూడ్చవలె. కారుచున్న గొట్టాన్ని చూచినవారు వెంటనే పంచాయతీకి తెలుపవలె. ఆ కారుటలో పోవునది నీరు మాత్రమే కాదు. సరఫరా ఆగిన మరుక్షణం ఊరి మురుగుకు అదే ద్వారం.