ఒరిగిన కొట్టం, ఇసుక పునాది

కోదాడ, మిర్యాలగూడ దిక్కున నల్లరేగడి మీద కట్టిన పాత కొట్టం తలుపు ఎండాకాలం ఒక తీరుగా, వానాకాలం ఇంకో తీరుగా పడుతుంది. తప్పు తలుపుది కాదు, నేలది. రేగడిలోని బంకమన్ను నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని చెయ్యి దూరేంత బీటలు వారుతుంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ ఊళ్లలో వరి పెరిగింది. పొలం తడిసిన పక్క గుంజ లేస్తుంది, ఆరిన పక్కది దిగుతుంది. మధ్యలో దూలం నలుగుతుంది.

మెత్తటి నేల మీద బరువు నిలపడమెలా? ఈ ప్రశ్నకు కాకతీయుల శిల్పులు ఎంచుకున్న జవాబు ఇసుక. 1213 నాటి శాసనమున్న రామప్ప గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్లు కూడా రేచర్ల వంశం వాళ్లవే. రామప్ప దగ్గర గుంత తవ్వి, ఇసుకతో నింపి, ఆ పైన రాతి కట్టడం లేపారు. ఇసుక తడిసినా ఉబ్బదు. పైబరువును నలుదిక్కులా పంచుతుంది. భూమి కంపిస్తే రేణువులు సర్దుకుని ఆ ఊపును కొంత మింగుతాయి.

ఒక్కటే షరతు: ఇసుక కదలకుండా చుట్టూ కట్టు ఉండాలి. మూతి కట్టిన ఇసుక బస్తా మీద చాలా బరువు ఆగుతుంది, మూతి విప్పితే పిల్లాడు కూర్చున్నా జారుతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం ఇసుక పునాది కుంగినప్పుడు పురావస్తు శాఖ దాన్ని రాయి రాయిగా విప్పి, పునాది మళ్లీ వేసి, తిరిగి పేర్చింది. 2024 మార్చిలో గానీ మండపం తెరుచుకోలేదు.

కొట్టానికి అంత విప్పుడు అక్కర్లేదు. చెక్క తేలిక, కీళ్ల దగ్గర కాస్త వంగుతుంది కూడా. ముందు పెంకులు దించి బరువు తగ్గించాలి. నీళ్ల పైపుతో మట్టం చూసి ప్రతి గుంజకూ ఒకే ఎత్తున గీత పెట్టాలి. దూలం కింద లారీ జాకీలు నిలిపి, ఒక్కో జాకీని కొంచెం కొంచెంగా, వంతులవారీగా తిప్పాలి. ఒక్క మూలే తొందరపడితే కీలు చీలుతుంది. గాల్లో ఉన్నప్పుడే గుంజ పుచ్చిన మొదలు కోసి కొత్త ముక్క అతకాలి. కింద రేగడి తీసేసి, మొరం పొరలు పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టి, రాయి పరిచి, గుంజను రాయి మీద దించాలి. మళ్లీ మట్టిలో పాతితే చెదలకు విందే. చివరగా చూరు నీళ్లు పునాదిలోకి ఇంకకుండా దూరంగా వాలు తియ్యాలి.

పని అయిన రోజు తలుపు సాఫీగా పడటం పెద్ద విషయం కాదు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటాక కూడా అలాగే పడితే, అప్పుడు మేస్త్రీ పనికి మార్కులు వెయ్యొచ్చు.