అంతేవాసి వేషము – వికల్పవిచారము

పాఠశాలలలో బాలబాలికల వేషమును గూర్చి వివాదము వచ్చినప్పుడెల్ల మనవారిలో నొకరు లేచి, ప్రాచీనగురుకులమునందు బ్రహ్మచారుల కందఱకు నొక్కటియే వేషము, ఏకరూపవస్త్రము మనకుఁ గ్రొత్త గాదు అని చెప్పుచుందురు. వేఱొకరు, పూర్వము మన బాలురకు వేషనిర్బంధమే లేదు, ఇది పాశ్చాత్యులు తెచ్చిపెట్టినది యందురు. ఈ రెండు మాటలును గ్రంథములు చూడక చెప్పినవే. ధర్మసూత్రములను, గృహ్యసూత్రములను, శబ్దశాస్త్రమును జూచినచో విషయము వేఱుగాఁ దోఁచును.

మనుస్మృతి రెండవ యధ్యాయమున బ్రహ్మచారి ధరింపవలసిన చర్మము బ్రాహ్మణునకుఁ గృష్ణమృగమునది, క్షత్రియునకు రురుమృగమునది, వైశ్యునకు మేఁకది యని విధింపఁబడినది. వస్త్రము క్రమముగా జనుపనారది, క్షౌమము, ఉన్నిది. మేఖల మొదటివానికి ముంజగడ్డిది, రెండవవానికి మూర్వనారతోఁ బేనిన వింటినారి, మూఁడవవానికి జనుపనారది. దండము పొడవు సయితము వేఱు: తలవెండ్రుకలవఱకు నొకనికి, నొసటివఱకు నొకనికి, ముక్కువఱకు నొకనికి. దూరమునుండి వచ్చు వటువును జూచినవాఁడు అతని కఱ్ఱకొలతనుబట్టియే వర్ణము చెప్పఁగలఁడు. కావున దీని నేకరూపవేష మనుట పొసఁగదు. నేఁటి పాఠశాలావేషము ధనికదరిద్రభేదమును మఱుఁగుపఱుచుటకై యేర్పడిన దందురు. ఆనాఁటి వేషము భేదమును జూపుటకే యేర్పడినది. ఇఁక మనుమతమున నాలవవర్ణమువారికిని బాలికలకును గురుకులద్వారమే మూయఁబడియుండఁగా వారికి వేషప్రసక్తియే లేదు. ఈ మాట దాఁచి గురుకులమును బొగడుట చరిత్ర గాదు.

అయితే యా యధ్యాయముననే శిరోజములకడ శాసనము సడలినది. బ్రహ్మచారి తల గొఱిగించుకొనినవాఁడు గాని, జటలు గలవాఁడు గాని, శిఖను మాత్రము జటగా నుంచుకొనినవాఁడు గాని కావచ్చునని మనువు చెప్పెను. గౌతముఁడు నీ మూఁటినే చెప్పెను. ఆపస్తంబుఁడు జటిలత్వమును ముందు చెప్పి, శిఖాజటను బక్షాంతరముగాఁ జూపెను. ఇందలి "వా" శబ్దమే విచార్యము. మీమాంసకులు వికల్పమున కెనిమిది దోషములు చెప్పుదురు. గత్యంతరము లేనిచోటఁ దప్ప దాని నంగీకరింపరు. కాఁబట్టి యీ "వా"ను వ్యవస్థితవికల్పముగాఁ జేసి, యీ కులమువారికి ముండనము, ఆ శాఖవారికి జటలు అని పంచిపెట్టుట కొందఱకు రుచించును. దాని కాధారము లేకపోలేదు. చౌలమునందుఁ గేశవిన్యాసమును గులధర్మానుసారముగాఁ జేయింపవలె నని యాశ్వలాయనుఁడు చెప్పెను. ఋగ్వేదసప్తమమండలమున వసిష్ఠులు కుడిప్రక్క కపర్దము గలవారుగా వర్ణింపఁబడిరి. కాని చౌలము తండ్రి చేయించునది; పాలు మఱవని శిశువునకుఁ దన తలకట్టుపై నిచ్ఛ యేమి? గురుకులమందలి "వా" వేఱు. అచ్చటఁ గుల మని గాని చరణ మని గాని మనువు పేర్కొనలేదు. పాణినీయమున "వా", "విభాషా", "అన్యతరస్యామ్" అను మూఁడును వికల్పార్థకములే. వ్యవస్థ యవసరమైనచో వ్యాఖ్యాతలు లక్ష్యమును జూపి వ్యవస్థ చేయుదురు గాని యూరక చేయరు. లక్ష్యము చూపనంతవఱకు నీ "వా" యిచ్ఛావికల్పమే యని నా మతము. ఆ యిచ్ఛ గురునిదా, శిష్యునిదా? స్మృతి కంఠోక్తిగాఁ జెప్పలేదు. అచ్చటి క్రియకుఁ గర్త బ్రహ్మచారియే గనుక శిష్యునిదే యనుటకు వ్యాకరణము తోడ్పడును.

నిషేధములు మాత్రము కఠినములు. గంధము, పూలదండ, కాటుక, చెప్పులు, గొడుగు వర్జ్యములు. గొడుగు పట్టరానివానికే "ఛాత్రుఁ" డను పేరు వచ్చుట వింత! పాణిని నాలవ యధ్యాయమున ఛత్రశబ్దమునుండి యీ పదమును సాధించెను. పతంజలి యిచ్చట గురువే ఛత్ర మని చెప్పి చిక్కు విడఁదీసెను. బట్టకొఱకే శిష్యులైనవారును లేకపోలేదు. కంబళములకై చారాయణీయులైనవారిని బరిహసించు పదమొకటి మహాభాష్యమునఁ గలదు. ఈ నిషేధముల కవధియుఁ గలదు. సమావర్తనమునాఁడు కుండలములు, వస్త్రములజత, గొడుగు, చెప్పులు, దండ, కాటుక, తలపాగ, అనఁగా నంతవఱకుఁ గూడని వనేకములు, స్నాతకుఁడు ధరించును. వీనిని దనకును గురువునకును సమకూర్పవలె ననియు, ఇద్దఱకు దొరకనిచో గురువునకే యనియు నాశ్వలాయనుని మతము. ఈ చివరిమాట నేఁటి యుపాధ్యాయులు మెచ్చుకొందురు గాక.

వీథిబడులకు వచ్చునప్పటికి వేషశాసనమే కానరాదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెలు తన మండలమున 533 పాఠశాలలును 6,641 విద్యార్థులును గలరని వ్రాసెను. ముందు వచ్చిన బాలుని యఱచేత సరస్వతీనామము వ్రాయుట, రెండవవానికి సున్న చుట్టుట, మూఁడవవాఁడు మొదలుగా దెబ్బలు హెచ్చుట యతఁడు వర్ణించెను. ఆలస్యమునకు శిక్ష గలదు. అతఁడు చెప్పిన శిక్షలలో వస్త్రమును గూర్చినది లేదు.

ఏకరూపవేషము వేఱొక త్రోవను వచ్చినది. 1552లో లండనున స్థాపింపఁబడిన క్రైస్ట్స్ హాస్పిటల్ అను ధర్మపాఠశాలలోఁ బేదపిల్లల నీలపుఁ బొడుగుచొక్కా దానికిఁ బ్రాచీనోదాహరణము. దానచిహ్నముగాఁ బుట్టినది తరువాత గౌరవచిహ్న మైనది. వివాదములు మన కాలమున హెచ్చినవి. 1983లో నింగ్లండునందలి ప్రభువులసభ, తలపాగ తీయని సిక్కుబాలునిఁ జేర్చుకొన నొల్లని బర్మింగుహాము పాఠశాలను దప్పుపట్టెను. కర్ణాటకమునఁ దలముసుఁగు విషయమున 2022 మార్చి 15న నున్నతన్యాయస్థానము పాఠశాలావేషవిధిని సమర్థించెను. అక్టోబరు 13న సుప్రీముకోర్టున నిద్దఱు న్యాయమూర్తులును భిన్నాభిప్రాయు లైరి. ఉన్నతన్యాయస్థానమున నది మతమున కత్యావశ్యకమా కాదా యనునది ముఖ్యప్రశ్న యయ్యెను. ఆ ప్రశ్నయే తగినదా యని విచారించుటకు డర్బను వ్యాజ్యము మంచి దృష్టాంతము.

1860 మొదలు 1911 వఱకు నొడంబడికకూలీలుగా 1,52,000కుఁ బైఁగా భారతీయులు నేటాలునకు వెళ్లిరి. మదరాసున నోడ యెక్కినవారిలోఁ దెలుఁగులును దమిళులును గలరు. ఆ దేశమందలి దాక్షిణాత్యకుటుంబపు బాలిక యొకతె 2004లో సెలవులలో ముక్కు కుట్టించుకొని డర్బను బాలికల యున్నతపాఠశాలకు వచ్చెను. చెవికమ్మలును జేతిగడియారమును దప్ప నగలు కూడవని పాఠశాలనియమము. తల్లి చెప్పిన సమాధాన మిది: ఇది సోకు గాదు, ఆఁడుపిల్ల యీడేఱినపిదప ముక్కు కుట్టించుట మా యింటి యాచారము, పదునాఱవయేట నవ్వ యీ బంగారుపుడకను దీసి రవ్వపుడకఁ బెట్టును. మొదటి న్యాయస్థానము పాఠశాలకును, రెండవది బాలికకును ననుకూలముగాఁ దీర్పు చెప్పఁగా వ్యాజ్యము రాజ్యాంగన్యాయస్థానమునకుఁ బోయెను.

మన పండితు లా బాలికకుఁ బ్రమాణ మేమి చూపియుందురో! అమరకోశమందలి మనుష్యవర్గమునఁ గర్ణభూషలు, కంఠభూషలు, కేయూరము, మేఖల, నూపురము గలవు, నాసాభరణము లేదు. పరశురామకృష్ణ గోడేగారు నత్తును గూర్చి పరిశోధించి, క్రీ. శ. 1000 ప్రాంతమునకుఁ బూర్వము మనదేశమున దాని జాడ లేదనిరి. శాస్త్రవిహితమా కాదా యనునదే ప్రశ్నయైనచో బాలిక యోడిపోవును. 2007 అక్టోబరు 5వ తేదీ తీర్పునఁ బ్రధానన్యాయమూర్తి పయస్ లాంగా ఆ త్రోవఁ బోలేదు. ముక్కుపుడక హిందువులకు విధి గాదని యంగీకరించియే, యిచ్ఛాపూర్వకముగా నాచరించుదానికిని రక్షణ గలదనెను. మన పరిభాషలోఁ జెప్పినచో నిత్యవిధికే కాక "వా"కును విలువ గలదన్నమాట. న్యాయమూర్తి కేట్ ఓరీగన్ ఇది మతాచారము గాదు, సంస్కృతిసంప్రదాయ మని భేదము చూపెను. ఆ భేదము మన యిండ్లలో నిలువదు. మనుమరాలికి బేసరి పెట్టు ముత్తైదువ నది మతమా, సంప్రదాయమా యని యడిగినచో నామె నవ్వును.

తీర్పు వచ్చునప్పటికే యా బాలిక పాఠశాల విడిచియుండెను. నియమావళి రద్దు గాలేదు. విద్యార్థినులతోను, దల్లిదండ్రులతోను, ఉపాధ్యాయులతోను సంప్రదించి, మినహాయింపు కోరుటకు వీలగు పద్ధతిని దానియందుఁ జేర్పవలసినదని మాత్రము న్యాయస్థానము పాఠశాల పాలకసంఘము నాజ్ఞాపించెను.