కార్డు మీది జీవికి ధర కట్టేదెలా? మ్యాజిక్ ఆటలో ముప్పై ఏళ్ల లెక్క

మనలో చాలామంది చిన్నప్పుడు ట్రంప్ కార్డులు ఆడే ఉంటాం. క్రికెటర్ల బొమ్మలు, కుస్తీ వీరుల బొమ్మలు, కింద అంకెలు. ఎవరి అంకె పెద్దదైతే కార్డు వాళ్లది. బలమైన కార్డు చేతికి రావడం అదృష్టం, అంతే. దానికి మనం చెల్లించేదేమీ ఉండదు. ఈ రోజు చెప్పుకునే ఆటలో మాత్రం ప్రతి బలానికీ ఒక ధర ఉంది. ఆ ధర ఎంత ఉండాలన్నది ముప్పై ఏళ్లయినా తెగలేదు.

ఆట పేరు మ్యాజిక్: ద గ్యాదరింగ్. 1993 ఆగస్టులో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే అమెరికన్ కంపెనీ విడుదల చేసింది. రూపొందించింది రిచర్డ్ గార్ఫీల్డ్, గణితంలో డాక్టరేట్ చేసినాయన. ఇందులో డబ్బులాంటిది మానా. టర్న్‌కి ఒక భూమి కార్డు వేసుకోవచ్చు, ఒక్కో భూమి ఒక్కో మానా ఇస్తుంది. అంటే అయిదు మానాల జీవిని దించాలంటే మామూలుగా అయిదో టర్న్ దాకా ఆగాలి. జీవి మీద రెండు అంకెలుంటాయి: మొదటిది కొట్టే దెబ్బ, రెండోది ఓర్చుకునే శక్తి.

తొలి సెట్‌లో సెర్రా ఏంజెల్ అని ఒక దేవదూత ఉంది. అయిదు మానాలు, 4/4, ఎగురుతుంది, దాడి చేసి కూడా కాపలా కాయగలదు. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అదే సెట్‌లో స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ అని ఒక మంత్రం ఉంది. ఒకే ఒక్క మానా. ఏ జీవినైనా ఆట నుంచి తీసేస్తుంది. అయిదు రూపాయలు పెట్టి కొన్న కుండని రూపాయి రాయితో పగలగొట్టినట్టు. తొలినాళ్లలో జీవులు ఖరీదు, మంత్రాలు చవక.

ఎందుకలా జరిగింది? జనం కొద్ది ప్యాకెట్లే కొంటారని గార్ఫీల్డ్ అంచనా. అరుదైన కార్డు ఎంత బలమైనదైనా నలుగురిలో ఒకరి దగ్గరే ఉంటుంది కదా, పర్లేదు అనుకున్నారు. ఆట విపరీతంగా అమ్ముడుపోయింది. పైగా మొదట్లో ఒకే కార్డు ఎన్ని కాపీలైనా పెట్టుకోవచ్చు. దాంతో అంచనా తలకిందులైంది. 1994లో టోర్నమెంట్లకి నాలుగు కాపీల పరిమితి వచ్చింది, కొన్నిటికి ఒక్క కాపీయే అన్నారు.

ఇక జీవుల్ని బాగుచేసే పని మిగిలింది. 1997లో వచ్చిన విజన్స్ సెట్‌లో ఒక మంచి దారి కనిపించింది. మ్యాన్-ఓ-వార్ అనే జెల్లీఫిష్ మూడు మానాలకి 2/2, అంతే. కానీ బల్ల మీదకి దిగగానే ఒక జీవిని దాని యజమాని చేతికి తిప్పి పంపుతుంది. ఎదుటివాడు వెంటనే దీన్ని చంపినా, చేయాల్సిన పని చేసేసింది. మన మానా వృథా పోలేదు. అప్పటి నుంచి జీవి అంటే అంకెలు మాత్రమే కాదు, దిగగానే జరిగే సంఘటన కూడా.

ఇక్కడ మన దేవదూత సంగతి చూడండి. అదే 1997లో ఐదో ఎడిషన్ నుంచి సెర్రా ఏంజెల్‌ని పక్కన పెట్టారు, మళ్లీ తెచ్చింది 2001లో ఏడో ఎడిషన్‌లో. 2009లో బేన్‌స్లేయర్ ఏంజెల్ వచ్చింది. అవే అయిదు మానాలు, కానీ 5/5, ఎగరడంతో పాటు ముందే కొట్టే శక్తి, కొట్టిన ప్రతిసారీ మనకి ప్రాణం. పాత దేవదూత బలం ఏమీ మారలేదు. చుట్టూ ఉన్న ధరలు మారిపోయాయి.

సరే, బలం లెక్క ఇది. మరి సరదా? 2002లో డిజైనర్ మార్క్ రోజ్‌వాటర్ ఆటగాళ్లని మూడు పేర్లతో వివరించారు. టిమ్మీకి పెద్ద జీవితో ఢీకొట్టాలి. జానీకి ఎవరూ ఊహించని కలయిక కనిపెట్టాలి. స్పైక్‌కి గెలవాలి. ముగ్గురికీ సరదా కావాలి, కానీ ఒక్కొక్కరిది ఒక్కో సరదా. అందుకే అందరి కోసం ఒకే కొలత పెట్టడం కుదరదు.

కుదరనప్పుడు ఏమవుతుందో రెండు ఉదాహరణలు. 2004లో స్కల్‌క్లాంప్ అనే పరికరం వచ్చింది. ఒక మానా ఇచ్చి జీవికి తగిలిస్తే దెబ్బ ఒకటి పెరుగుతుంది, ఓర్పు ఒకటి తగ్గుతుంది. ఆ జీవి చస్తే రెండు కార్డులు మీవి. ఓర్పు తగ్గడం లోపం అనుకున్నారు. కానీ 1/1 జీవికి తగిలిస్తే అది అక్కడికక్కడే చస్తుంది, ఒక్క మానాకి రెండు కార్డులు చేతికొస్తాయి. తయారీలో ఆలస్యంగా చేసిన మార్పు అది. ఆ జూన్‌లోనే బ్యాన్ చేశారు.

సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత, 2024 జూన్‌లో, నాడూ అనే పక్షి. మూడు మానాలకి 3/4, ఎగురుతుంది. మీ జీవుల్లో దేన్ని గురిపెట్టినా పైనున్న కార్డు మీకొస్తుంది, ఒక్కో జీవికి టర్న్‌లో రెండుసార్లు. షూకో అనే పాత పరికరాన్ని తగిలించడానికి సున్నా మానా. ఇంకేముంది, ఊరికే గురిపెడుతూ పోవడమే. ఈ కార్డు చివరి రూపాన్ని ఆడి చూడకుండానే ముద్రణకి పంపామని డిజైనర్ మైకేల్ మేజర్స్ తర్వాత స్వయంగా రాశారు. ఆగస్టు 26న మోడర్న్ ఫార్మాట్‌లో బ్యాన్ అయింది. డబ్బు పెట్టి కార్డులు కొన్నవాళ్ల డెక్ ఒక్క ప్రకటనతో పోయింది.

నాడూ గెలవడం ఒక్కటే ఇబ్బంది కాదు. ఒకరు నిమిషాల తరబడి కార్డులు తిప్పుతూ ఉంటారు. గెలుపు ఖాయమా అంటే చివరిదాకా తెలియదు, కాబట్టి ఎదుటివాళ్లు లేచి పోనూలేరు, చేయడానికి పనీ ఉండదు.

నాకు అర్థమైంది ఇదండీ. బలాన్ని అంకెల్లో కొలవచ్చు, తప్పయితే ధర మార్చవచ్చు. సరదాని కొలవాలంటే మాత్రం బల్లకి అవతల కూర్చోవాలి. ఈ జీవి దిగాక ఎదుటి మనిషికి చేయడానికి ఏమైనా మిగిలిందా? ఈ ప్రశ్న కాగితం మీద తేలదు, ఆడితేనే తేలుతుంది. 2004లోనూ 2024లోనూ ఆడి చూసే ఆ చివరి అడుగు దగ్గరే పొరపాటు జరిగింది.

ఇంట్లో పిల్లలు అట్టముక్కల మీద బొమ్మలు గీసి సొంత కార్డులు చేసుకుంటుంటే ఈ ఒక్క మాట చెప్పండి: నీ రాక్షసుడితో ఒకసారి నువ్వే తలపడి చూడు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.