ముందుగా ఒక మాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో కొత్త ఆట పెట్టుకుంటోంది. ఇంటర్ రెండో ఏడు చదివే పిల్ల. ఆట పేరేమిటే అంటే "డోకి డోకి లిటరేచర్ క్లబ్" అంది. డోకి అనగానే నాకు కడుపులో తిప్పినట్టయింది గాని, జపాన్ భాషలో డోకి డోకి అంటే గుండె దడదడలాడే చప్పుడట. అట్ట మీద అంతా గులాబీ రంగు. పెద్ద పెద్ద కళ్ళతో నలుగురు స్కూలు ఆడపిల్లలు. వాళ్ళు నడిపే సాహిత్య సంఘంలో మనం చేరాలి. ఇరవై మాటలు ఏరుకుని కవిత కట్టి వాళ్ళకి చూపించాలి. ఇంకేం కావాలి నాకు? ఇన్నాళ్ళకి పిల్లకి నా పోలిక వచ్చిందని మురిసిపోయాను. తుపాకులు లేవు, కార్ల పందేలు లేవు, ఇందులో డోకా ఏముంటుంది అనుకున్నాను.

ఆట తెరుచుకుంది. మొట్టమొదట వచ్చింది ఒక హెచ్చరిక. ఇది చిన్నపిల్లలకి తగింది కాదు, తేలిగ్గా కలత పడే మనుషులకీ తగింది కాదు అని. 13 ఏళ్ళు నిండాయని, మనసుని బాగా కలవరపెట్టేవి చూడ్డానికి ఒప్పుకుంటున్నానని చెప్తేగాని ముందుకి కదల్దు.

"కవితలు రాసుకునే ఆటకి ఇదెక్కడి హెచ్చరికే!" అన్నాను.

"అందుకేనమ్మా. బొమ్మ చూస్తే తెలీదు కదా!" అంది.

నాకు నవ్వొచ్చింది. ముందే చెప్పేస్తే ఇక కథేముంది? ఇరవై ఏళ్ళుగా నవలలు రాస్తున్నాను. చదివేవాళ్ళు ఏమరుపాటుగా ఉన్నప్పుడు పట్టుకోవడమే మా విద్య. అలా నవ్వుతూనే ఉన్నాను, పదేళ్ళ కిందట వచ్చిన ఉత్తరం ఒకటి గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది. ఆ ఉత్తరం సంగతి చివర చెప్తాను.

అసలు భయపెట్టబోయే ముందు చెప్పి భయపెట్టడం ఎప్పుడు మొదలైందా అని పుస్తకాలు తిరగేశాను. వెతగ్గా వెతగ్గా ఆ దారి ఒక ఆడపిల్ల రాతబల్ల దగ్గర తేలింది.

1816 వేసవిలో స్విట్జర్లాండ్‌లోని జెనీవా సరస్సు ఒడ్డున వానలకి ఇంట్లో చిక్కుకుపోయిన స్నేహితులు తలా ఒక దయ్యం కథ రాద్దామనుకున్నారు. అందులో మేరీకి అప్పటికి 18 ఏళ్ళు. ఆమె మొదలుపెట్టిన కథే 1818లో లండన్‌లో అచ్చయిన "ఫ్రాంకెన్‌స్టైన్". మొదటి ముద్రణ మీద రాసిన వాళ్ళ పేరే లేదు. నూటపదమూడేళ్ళ తర్వాత, 1931లో హాలీవుడ్‌లో యూనివర్సల్ వాళ్ళు ఆ కథని సినిమా తీసినప్పుడు కూడా పేర్లలో "శ్రీమతి పెర్సీ బి. షెల్లీ" అనే వేశారు. మొగుడి పేరే దక్కింది పాపం, మేరీ అన్న పేరు లేదు.

అంతకు ముందే 1910లో ఎడిసన్ కంపెనీ ఈ కథని చిన్న మూగచిత్రంగా తీసింది. జుగుప్స పుట్టించే ఘట్టాలన్నీ తీసేశామని ప్రకటనలోనే చెప్పుకుంది. 1931 చిత్రంవాళ్ళు అలా తీసెయ్యలేదు. సినిమా మొదలవగానే తెర ముందుకి ఒక పెద్దమనిషి వస్తాడు. ఎడ్వర్డ్ వాన్ స్లోన్ అనే నటుడు. మన నాటకాల్లో సూత్రధారుడు వచ్చినట్టు నిలబడి, నిర్మాత తరఫున ఒక మాట చెప్పమన్నారు, ఇది భయం గొలిపే కథ, గుండె తట్టుకోదనుకునే వాళ్ళకి ఇదే అవకాశం, ఆపైన మీ ఇష్టం అనే ధోరణిలో మాట్లాడి వెళ్ళిపోతాడు. ఆ గొంతులో కాస్త చిలిపితనమూ ఉంది, కాస్త మర్యాదా ఉంది.

ఆ సినిమాలోనే మరో ముచ్చట. మనిషి చేసిన ఆ వికారరూపం చెరువు గట్టున ఒక చిన్నపిల్లతో ఆడుకుంటాడు. ఇద్దరూ పూలు నీళ్ళలో వేస్తే అవి తేలుతూంటాయి. పూలు అయిపోతాయి. పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని ఆ అమాయకుడు ఎత్తి నీళ్ళలో వేసేస్తాడు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల సెన్సారువాళ్ళు అది చూడలేక ఆ ముక్క కోయించారు. తర్వాత దశాబ్దాల పాటు ఆడిన ప్రతుల్లో అది లేదు. 1980లలో గాని మళ్ళీ చేర్చలేదు. కోసిన సినిమాలో ఏం మిగిలిందో తెలుసా? వాడు పిల్ల వైపు చేతులు చాచడం, ఆ తర్వాత తండ్రి కూతురి శవాన్ని చేతుల మీద మోసుకుంటూ ఊళ్ళోకి రావడం. మధ్యలో ఏం జరిగి ఉంటుందో చూసేవాళ్ళు ఊహించుకోవాలి. తీసినదానికంటే వాళ్ళ ఊహే ఘోరంగా ఉండేది. పైగా తెలియక చేసిన వాడు కాస్తా పరమ దుర్మార్గుడైపోయాడు.

ఇది చదివాక నాకు కత్తెరకీ హెచ్చరికకీ తేడా తెలిసొచ్చింది. కత్తెర వేస్తే కథ మారిపోతుంది. ముందుగా ఒక మాట చెప్తే కథ ఎక్కడిదక్కడే ఉంటుంది, ఉండాలో వెళ్ళాలో చూసేవాళ్ళు నిర్ణయించుకుంటారు.

1932లో బ్రిటన్ సెన్సారు బోర్డు భయానక చిత్రాలకి "హెచ్" అనే గుర్తు పెట్టింది. భీకరం అని దాని అర్థం. 1951లో దాని బదులు "ఎక్స్" వచ్చింది. వ్యాపారులు ఊరుకుంటారా? 1958లో అమెరికాలో విలియం కాజిల్ అనే నిర్మాత తన "మకాబర్" సినిమా చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే వెయ్యి డాలర్లిస్తామని ప్రేక్షకులకి బీమా పత్రాలు పంచాడు. జనం విరగబడ్డారు. జాగ్రత్త అన్న మాట కాస్తా రమ్మని పిలిచే మాట అయిపోయింది!

మన సంగతికొస్తే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద "యు", "ఎ" అని రెండు సర్టిఫికెట్లుండేవి. 1983లో "యు/ఎ" చేరింది. 2023 సవరణతో దాన్ని 7, 13, 16 ఏళ్ళ కింద మూడు వరసలు చేశారు. నా చిన్నప్పుడు గోడ మీద గుండ్రంలో "ఎ" అక్షరం ఉన్న పోస్టరు కనిపిస్తే మా అమ్మ నా చెయ్యి పట్టుకుని గబగబా నడిపించేసేది. ఎందుకమ్మా అంటే, నడు అనేది. ఆ అక్షరం ఎవరు చూడకూడదో చెప్పేదిగాని అందులో ఏముందో చెప్పేది కాదు. కుటుంబ తగాదా ఉన్నా అదే ఎ, దయ్యం ఉన్నా అదే ఎ.

వీడియో ఆటలు వచ్చేసరికి ఈ గొడవ ఇంట్లోకే వచ్చింది. 1976లో ఎక్సిడీ అనే అమెరికన్ కంపెనీ "డెత్ రేస్" అనే ఆట పెట్టింది. తెర మీద పుల్లల్లాంటి బొమ్మల్ని కారుతో గుద్దాలి. గుద్దిన చోట ఒక కేక, ఒక సమాధి రాయి. ఈ రోజు చూస్తే పిల్లలు పలక మీద గీసిన గీతల్లా ఉంటాయి. అప్పుడు మాత్రం దేశమంతా గోల. ఇక 1992లో వచ్చిన "మోర్టల్ కోంబాట్", "నైట్ ట్రాప్" ఆటల్లో బొమ్మలు నిజం మనుషుల్లాగే ఉండడంతో తల్లిదండ్రులు హడలిపోయారు. 1993 డిసెంబర్ 9న అమెరికా సెనేట్‌లో జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ అనే సభ్యులు విచారణ పెట్టారు. మీకు మీరుగా ఏదో ఒక పద్ధతి పెట్టుకోండి, లేకపోతే మేమే పెడతామన్నారు. ఆ దెబ్బకి ఆటల కంపెనీలన్నీ కలిసి 1994లో ఇ.ఎస్.ఆర్.బి. అనే సంస్థ పెట్టుకున్నాయి.

అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పెట్టె ముందు వైపు ఏ వయసువాళ్ళకో చెప్పే అక్షరం. వెనక వైపు ఎందుకో చెప్పే మాటలు. రక్తం ఉందా, బూతు ఉందా, హింస ఉందా. మా అమ్మ చెప్పకుండా నడిపించేసిన కారణం అక్కడ అచ్చులో ఉందన్నమాట. 1996లో వచ్చిన జపాన్ భయానక ఆట "రెసిడెంట్ ఈవిల్" తెర మీదే హింస, నెత్తురు ఉన్నాయని ముందుగా చెప్పి మొదలైంది. 2017లో బ్రిటన్‌లో నింజా థియరీ అనే కంపెనీ "హెల్‌బ్లేడ్" ఆట చేసింది. అందులో నాయిక సెనువాకి చెవుల్లో ఎవరెవరివో గొంతులు వినిపిస్తూంటాయి. అది మానసిక వ్యాధి. కేంబ్రిడ్జ్‌లో మానసిక వైద్య ఆచార్యుడైన పాల్ ఫ్లెచర్‌నీ, ఆ బాధ స్వయంగా పడ్డవాళ్ళనీ అడిగి మరీ ఆట కట్టారు. మొదట్లోనే ఆ సంగతి చెప్పి, ఇలాంటిది అనుభవించిన వాళ్ళకి ఇది కష్టంగా ఉండొచ్చని, వివరాలకి ఎక్కడ చూడాలో కూడా రాశారు.

ఇప్పుడు మా పిల్ల ఆటలో ఏముందో చెప్తాను. ఆత్మహత్య మాట చదవడం కష్టమైన వాళ్ళు ఈ ఒక్క పేరా వదిలేసి కింది దానికి వెళ్ళండి, కథ అర్థం కాకుండా పోదు. 2017 సెప్టెంబర్‌లో డాన్ సాల్వటో అనే అమెరికన్ తన చిన్న బృందంతో చేసి ఉచితంగా వదిలిన ఆట ఇది. ఆ నలుగురిలో అందరికంటే గలగలా నవ్వే పిల్ల లోపల్లోపల దిగులుతో కుమిలిపోతూంటుంది. తనంతట తనే ప్రాణం తీసుకుంటుంది. మనం కవితలు ఏరుకుంటూంటే అది జరిగిపోతుంది. నవ్వే పిల్లల్లో ఎవరు ఎలా ఉన్నారో మనకేం తెలుసు? ఇలాంటి దిగులు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే 2022లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, 14416 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు.

ఈ ఆటకే 2021లో వచ్చిన కొత్త రూపంలో ఒక మీట ఉంది. అది వేసుకుంటే కలవరపెట్టే ఘట్టం వచ్చే ముందు ఆట మనకి చెప్తుంది. ఆశ్చర్యం కావాలనుకునే వాళ్ళు వేసుకోరు. కథనీ పాడుచెయ్యలేదు, మనిషినీ ఒదిలెయ్యలేదు. ఇది చూసి నిజంగా సిగ్గుపడ్డాను. ఈ మాత్రం ఉపాయం నాకు తోచలేదే అని.

హెచ్చరికలవల్ల ఏం లాభం అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ దగ్గరా సాక్ష్యం ఉంది. అంతవరకూ జరిగిన పరిశోధనల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2023లో వచ్చింది. ముందు చెప్పినంత మాత్రాన చూశాక కలిగే బాధ తగ్గదని, చూడబోయే ముందు కంగారు కాస్త పెరుగుతుందని, చెప్పారు గదా అని జనం చూడడం మానెయ్యరని అందులో తేలింది. మరి ఎందుకీ మాట? దీనికి జవాబు ఆ పాత ఉత్తరంలో ఉంది.

అప్పుడు ఒక వారపత్రికలో నా సీరియల్ వస్తోంది. పద్నాలుగో వారంలో కథానాయిక ఆర్నెల్ల పాప జ్వరంతో పోతుంది. సరిగ్గా అక్కడ "సశేషం" వేసి, బలే ముగింపు కుదిరిందని నా వీపు నేనే తట్టుకున్నాను. వారం తిరక్కుండా ఒక చిన్న ఊరినించి ఉత్తరం వచ్చింది. కిందటేడు ఆవిడ పాప కూడా అలాగే పోయిందట. పొయ్యి మీద అన్నం పెట్టి, ఇంటినిండా చుట్టాలుంటే, పత్రిక తిరగేసిందట.

"అక్కా, కథ మార్చమని అడగను. ముందే తెలిసినా చదవకుండా ఉండేదాన్ని కాదు. పైన ఒక్క వాక్యం ఉంటే మాత్రం ఆయన ఆఫీసుకి వెళ్ళాక, తలుపు వేసుకుని చదువుకునేదాన్ని. నలుగురి ముందూ ఏడ్చే పని తప్పేది" అని రాసింది.

నేను జవాబు రాయలేదు. కథకి ముందు హెచ్చరికేమిటి, సిగరెట్ పెట్టె మీద వేసినట్టు అని కోపం వచ్చింది. అయినా ఎందుకో ఆ ఉత్తరం చింపెయ్యలేదు. బీరువాలో పట్టుచీరల అడుగున దాచాను.

ఆదివారం సాయంత్రం మా అమ్మాయిని అడిగాను, ఆ మీట వేసుకున్నావా అని. "వేసుకున్నానమ్మా. అది వచ్చే ముందు నిన్ను పిలుస్తాను, వచ్చి పక్కన కూర్చో" అంది. పిలిచింది, కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం కూడా.

వచ్చే నెల నా కొత్త సీరియల్ మొదలవుతుంది. ఏడో వారం భాగానికి పైన ఇప్పుడే ఒక వాక్యం రాసి పెట్టాను. దాన్ని నాలుగుసార్లు కొట్టేసి రాయాల్సొచ్చింది. కథ చెప్పెయ్యకుండా, అబద్ధమూ ఆడకుండా, ఒక్క వాక్యం రాయడం ఇంత కష్టమని ఇన్నేళ్ళలో నాకు తెలీదు. తర్వాత బీరువా తీసి ఆ ఉత్తరం వెతికాను. అడ్రసు చెరిగిపోలేదు. పదేళ్ళు ఆలస్యంగా జవాబు రాసి, నిన్న పొద్దున్న నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసొచ్చాను.